ప్రజలే నిర్వహించుకునే కంప్యూటర్ వ్యవస్థ: స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నిర్మాణం, స్థాపన

కొంగరకలాన్ (రంగారెడ్డి జిల్లా): ప్రభుత్వ కార్యాలయాలలో, పాఠశాలలలో, పత్రికా కార్యాలయాలలో వినియోగంలో ఉన్న పాత కంప్యూటర్ల భవితవ్యం 2025 అక్టోబరు 14 నుంచి ప్రశ్నార్థకమైంది. మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10కు సాధారణ మద్దతును ఆ రోజుతో నిలిపివేసింది. విండోస్ 11 నడవాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, కొత్త తరం ప్రాసెసర్ అవసరం. ఇవి లేని యంత్రాలు చక్కగా పనిచేస్తున్నప్పటికీ భద్రతా సవరణలకు నోచుకోవు. షరతులకు లోబడి కొంతకాలం సవరణలు పొందే వెసులుబాటు ఉన్నా అది తాత్కాలికమే. ఈ నేపథ్యంలో ఏ ఒక్క సంస్థ నిర్ణయంపైనా ఆధారపడని, స్వచ్ఛంద సమాజం నిర్వహించే ఆపరేటింగ్ సిస్టం ఎలా తయారవుతుంది, దానిని ఎలా స్థాపించుకోవాలి అనే విషయాలు అధికారులకు, పాత్రికేయులకు తెలిసి ఉండటం అవసరం.

కొంగరకలాన్‌లో రంగారెడ్డి జిల్లా సమీకృత కలెక్టరేట్ 2022 ఆగస్టు 25న ప్రారంభమైంది. అదే గ్రామంలో 2023 మే 15న ఫాక్స్‌కాన్ ఎలక్ట్రానిక్స్ పరిశ్రమకు శంకుస్థాపన జరిగింది. ఒకవైపు జిల్లా పాలనకు సంబంధించిన దస్త్రాలు, మరోవైపు ఎలక్ట్రానిక్ పరికరాల తయారీ ఒకే ఊరికి చేరాయి. పరికరం మన ఊరిలోనే తయారైనా దానిని నడిపే సాఫ్ట్‌వేర్‌పై అధికారం ఎవరిది అన్నది వేరే ప్రశ్న. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం ప్రారంభమైనది ఆ ప్రశ్నతోనే.

ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు

ఆంగ్లంలో 'ఫ్రీ' అనే ఒకే మాటకు ఉచితమనీ, స్వేచ్ఛ గలదనీ రెండు అర్థాలు ఉండటం వల్ల ఈ విషయంలో అపోహలు ఏర్పడ్డాయి. తెలుగులో ఈ రెంటికీ వేర్వేరు మాటలు ఉన్నందున ఆ ఇబ్బంది లేదు. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు. ఆ ఉద్యమం నిర్వచించిన స్వేచ్ఛలు నాలుగు: ప్రోగ్రామును ఏ ప్రయోజనానికైనా వాడుకోవడం, అది పనిచేసే తీరును పరిశీలించి అవసరానికి తగినట్లు మార్చుకోవడం, ప్రతులను ఇతరులకు పంచడం, మార్చిన ప్రతులను కూడా పంచడం. రెండవ, నాలుగవ స్వేచ్ఛలకు మూలసంకేతం, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు పాఠం, అందుబాటులో ఉండటం తప్పనిసరి. ఈ సాఫ్ట్‌వేర్‌ను డబ్బు తీసుకుని పంపిణీ చేయడానికి కూడా ఆటంకం లేదు.

1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్‌ను విడుదల చేశారు. మరుసటి సంవత్సరం అది గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్సు పరిధిలోకి వచ్చింది. కెర్నల్ యంత్రాన్ని, ప్రోగ్రాములను అనుసంధానించే కేంద్ర భాగం. దానికి గ్నూ ఉపకరణాలు, తెర, కార్యాలయ ప్రోగ్రాములు తోడైతేనే వినియోగానికి పనికివచ్చే సంపూర్ణ వ్యవస్థ ఏర్పడుతుంది. ఈ విధంగా కూర్చి అందించే దానిని పంపిణీ అంటారు.

డెబియన్: సమాజ నిర్వహణకు నమూనా

ఇటువంటి పంపిణీలలో ప్రముఖమైన డెబియన్‌ను 1993 ఆగస్టు 16న ఇయాన్ మర్డాక్ ప్రారంభించారు. దీనికి యజమానిగా ఏ కంపెనీ లేదు. సుమారు వెయ్యి మంది అధికారిక సభ్యులు, వారికి తోడుగా ఎందరో సహాయకులు వివిధ దేశాల నుంచి దీనిని నిర్వహిస్తున్నారు. 1997లో ఆమోదించిన సామాజిక ఒప్పందం వినియోగదారులకు ఇచ్చిన హామీ పత్రం వంటిది. ప్రాజెక్టు నాయకుని సభ్యులు ఏటా ఓటింగు ద్వారా ఎన్నుకుంటారు. సంస్థకు చెందిన వార్షిక సమ్మేళనం 2023 సెప్టెంబరులో కేరళలోని కొచ్చిలో జరిగింది.

నిర్మాణ విధానం ఇలా ఉంటుంది. ప్రతి ప్రోగ్రామును ఒక ప్యాకేజీగా రూపొందిస్తారు. ప్రతి ప్యాకేజీకి బాధ్యత వహించే వ్యక్తి లేదా బృందం ఉంటుంది. కొత్త ప్యాకేజీ మొదట 'అన్‌స్టేబుల్' విభాగానికి చేరుతుంది. నిర్ణీత రోజుల పాటు తీవ్రమైన లోపాలు బయటపడకపోతే 'టెస్టింగ్' విభాగానికి మారుతుంది. దాదాపు రెండు సంవత్సరాలకు ఒకసారి కొత్త మార్పులను నిలిపివేసి, మిగిలిన లోపాలను సరిచేసి 'స్టేబుల్' పేరిట విడుదల చేస్తారు. లోపాల నివేదికలను ఎవరైనా చదవవచ్చు, ఎవరైనా పంపవచ్చు. 2025 ఆగస్టు 9న విడుదలైన డెబియన్ 13లో 69,800కు పైగా ప్యాకేజీలు ఉన్నాయి. దీనికి ఐదు సంవత్సరాల మద్దతు లభిస్తుంది.

తెలుగులో 'స్వేచ్ఛ'

తెలుగు నేలపై ఈ కృషికి కేంద్రం హైదరాబాద్‌లోని 'స్వేచ్ఛ' సంస్థ. 2005లో ఆరంభమైన ఈ స్వచ్ఛంద సంస్థ తెలుగు ఆపరేటింగ్ సిస్టంను అదే పేరుతో రూపొందించింది. బడిపిల్లల కోసం గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు, భూగోళం వంటి పాఠ్యాంశాలకు ఉపకరించే ప్రోగ్రాములతో 'బాల స్వేచ్ఛ'ను, ఇంజనీరింగ్ విద్యార్థుల భాగస్వామ్యంతో 'ఈ-స్వేచ్ఛ'ను చేపట్టింది. ఈ సంస్థ భారత స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమంలో భాగస్వామి.

తెలుగు వ్యవస్థ అంటే కేవలం తెలుగు ఖతి చేర్చడం కాదు. యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలు గల భాగం కేటాయించారు. అయితే గుణింతాలకు, ఒత్తులకు విడివిడి స్థానాలు లేవు. ఉదాహరణకు 'స్వేచ్ఛ' అనే మాటలో కంటికి కనిపించేవి రెండు అక్షరాలే అయినా కంప్యూటర్ భద్రపరిచేది ఏడు సంకేతాలను: స, పొల్లు, వ, ఏత్వం, చ, పొల్లు, ఛ. వీటిని ఒత్తులుగా, గుణింతాలుగా మలిచి చూపే ప్రోగ్రాము సక్రమంగా లేకపోతే అక్షరాలు విడిపోయి కనిపిస్తాయి. సాధారణ అక్షర తెరపై ఈ కూర్పు సాధ్యం కాదు. అందువల్లనే 2011 ఫిబ్రవరిలో విడుదలైన డెబియన్ 6 స్థాపన ప్రోగ్రాములో తెలుగును చేర్చినప్పుడు దానిని చిత్రరూప తెరకే పరిమితం చేశారు.

తరువాతి పని అనువాదం. తెరపై కనిపించే ప్రతి వాక్యం ఒక జాబితాలో ఆంగ్లంలో ఉంటుంది. దాని కింద గల ఖాళీని స్వచ్ఛంద కార్యకర్తలు తెలుగులో పూరిస్తారు, వేరొకరు సరిచూస్తారు. గ్నోమ్ అనే డెస్క్‌టాప్ తెలుగు అనువాదంలో 'స్వేచ్ఛ' బృందం కూడా పాల్గొన్నది. రెవెన్యూ కార్యాలయాలలో తరతరాలుగా వాడుకలో ఉన్న 'దస్త్రం' అనే మాట ఈ విధంగానే కంప్యూటర్ ఫైలుకు పేరైంది. అన్ని మాటలకూ ఇంత సులువుగా సమానార్థకం దొరకదు. వాడుకలో స్థిరపడిన ఆంగ్ల పదాన్ని ఉంచాలా, కొత్త పదం కల్పించాలా అనే చర్చ ప్రతి అనువాద బృందంలోనూ జరుగుతుంది. అనువాదం ఒకసారి పూర్తయితే సరిపోదు. ప్రోగ్రాము మారిన ప్రతిసారీ కొత్త వాక్యాలు చేరుతాయి. కార్యకర్తలు తగ్గితే తెలుగు తెర మళ్లీ సగం ఆంగ్లమవుతుంది. సమాజ నిర్వహణకు బలమూ, బలహీనతా ఇదే.

ఇతర ప్రయత్నాలు, ప్రభుత్వ విధానం

కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ డెబియన్ ఆధారంగానే 'బాస్' అనే భారతీయ ఆపరేటింగ్ సిస్టంను 2007లో విడుదల చేసింది. తెలుగు సహా పలు భారతీయ భాషలకు అందులో చోటు ఉంది. కేరళలో 2001లో ఆరంభమైన 'ఐటీ ఎట్ స్కూల్' పథకం ప్రభుత్వ పాఠశాలలను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వైపు నడిపింది. 2017లో అది 'కైట్' అనే ప్రభుత్వ సంస్థగా మారింది.

భారత ప్రభుత్వం 2015లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వినియోగ విధానాన్ని ప్రకటించింది. దాని ప్రకారం ఈ-పరిపాలన ప్రాజెక్టుల టెండర్లలో సరఫరాదారులు ఓపెన్ సోర్స్‌ను ప్రాధాన్యంతో పరిశీలించాలి. దానిని వద్దనుకుంటే కారణం చూపాలి. టెండరు పత్రాలు తయారుచేసే అధికారులు గమనించవలసిన నిబంధన ఇది.

స్థాపన క్రమం

డెబియన్ వంటి వ్యవస్థను స్థాపించే ముందు కంప్యూటర్‌లోని దస్త్రాలన్నింటికీ వేరే డిస్కులో నకలు తీసుకోవాలి. తరువాతి దశలు ఇవి:

1. అధికారిక వెబ్‌సైటు నుంచి స్థాపన ప్రతిని దిగుమతి చేసుకుని, అక్కడే ప్రకటించిన తనిఖీ సంఖ్యతో సరిపోల్చాలి. సంఖ్య సరిపోలకపోతే ఆ ప్రతిని వాడరాదు.

2. ఆ ప్రతిని పెన్‌డ్రైవ్‌పైకి ఎక్కించాలి. పెన్‌డ్రైవ్‌లోని పాత సమాచారం చెరిగిపోతుంది.

3. 'లైవ్' ప్రతితో కంప్యూటర్‌ను ప్రారంభించి, డిస్కును ముట్టుకోకుండానే తెర, శబ్దం, వై-ఫై, ప్రింటర్ పనిచేస్తున్నదీ లేనిదీ పరీక్షించాలి.

4. స్థాపనలో భాష, దేశం, కీబోర్డు ఎంచుకుని, వినియోగదారు పేరు, సంకేతపదం ఇవ్వాలి.

5. డిస్కు విభజన అత్యంత జాగ్రత్త అవసరమైన దశ. మొత్తం డిస్కును వాడమని ఎంచుకుంటే పాత వ్యవస్థ, దస్త్రాలు తొలగిపోతాయి. రెండు వ్యవస్థలూ కావలసినవారు ఖాళీ స్థలంలోనే స్థాపించాలి.

6. డెస్క్‌టాప్‌ను ఎంచుకుని స్థాపన ముగించి, పునఃప్రారంభించి, భద్రతా సవరణలు పొందాలి.

డెస్క్‌టాప్‌తో వాడేందుకు కనీసం 2 గిగాబైట్ల మెమరీ ఉండటం మంచిది. డెబియన్ 13కు 32-బిట్ కంప్యూటర్లపై స్థాపన ప్రతి లేదు కాబట్టి మరీ పాత యంత్రాలకు ఇది పనికిరాదు. కొన్ని వై-ఫై, గ్రాఫిక్స్ పరికరాలకు తయారీదారుల ఫర్మ్‌వేర్ అవసరం. అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాకపోయినా, 2022లో సభ్యుల ఓటింగు మేరకు డెబియన్ 12 నుంచి అధికారిక ప్రతిలో చేర్చారు.

ముందుగా చూడవలసినవి

కార్యాలయాలు ఒక్కసారిగా మారడం శ్రేయస్కరం కాదు. డిజిటల్ సంతకపు పరికరాలు, వేలిముద్ర యంత్రాలు, విండోస్ కోసమే రాసిన శాఖాపరమైన ప్రోగ్రాములు కొత్త వ్యవస్థలో పనిచేస్తాయో లేదో ఒకటి రెండు కంప్యూటర్లపై సరిచూసిన తరువాతే నిర్ణయం తీసుకోవాలి. సిబ్బందికి శిక్షణ, ఇబ్బంది వస్తే సంప్రదించవలసిన వ్యక్తి ముందే నిర్ణయమై ఉండాలి. లైసెన్సు రుసుము లేకపోవడం అంటే నిర్వహణ వ్యయం లేదని కాదు.

పత్రికా కార్యాలయాలకు మరొక సమస్య ఉంది. యూనికోడ్ కాని పాత తెలుగు ఖతులలో కూర్చిన వార్తలు ఆ ఖతి లేని కంప్యూటర్‌లో అర్థం లేని గుర్తులుగా కనిపిస్తాయి. వాటిలో వెతకడం కూడా సాధ్యం కాదు. వ్యవస్థ మారినా మారకపోయినా ఆ దస్త్రాలను యూనికోడ్‌లోకి మార్చి, అచ్చుతప్పులు సరిచూసి భద్రపరచాలి. ఏళ్ల తరబడి కూర్చిన తెలుగు పాఠం రేపటి పాఠకునికి అందడం ఆ ఒక్క పనిపై ఆధారపడి ఉంది.