సున్నపుగోడ మామిడి

మా అమ్మమ్మగారి ఊరిలో మామిడిచెట్లకు జాతిపేరులు లేవు. బావిగట్టు మామిడి, దొడ్డి మామిడి, గాదె వెనుక మామిడి. ఏ చెట్టు ఎచట నిలిచినదో అదియే దాని పేరు. వానిలో పిల్లలమైన మేము ప్రాణముగా చూచుకొన్నది సున్నపుగోడ మామిడి. కాయ పిడికెడు. తొక్క పలుచన. పండినను పసుపు తిరుగక ఆకుపచ్చగనే ఉండెడిది; తెలియనివారు పచ్చికాయ యనుకొని ప్రక్కకు నెట్టెడివారు. మేము దానిని నీళ్లతొట్టిలో వైచి, సొన పోవువరకు నాననిచ్చి, అరచేతుల నడుమ మెల్లగా పిసికి, తొడిమ ఊడదీసి పీల్చెడివారము. రసమున కర్పూరపు వాసన లీలగా తగిలెడిది. ఆ పండును కోసి తినుట మా ఇంట తప్పుగా ఎంచబడెడిది. కత్తిపీట బంగినపల్లికి, రసమునకు నోరే.

1984 వేసవిలో ఆ పండొకటి తిని, టెంకను తడిగుడ్డలో చుట్టి తెచ్చి, పట్టణములోని మా పెరటిలో నాటితిని. మొలక వచ్చినది. లేత రాగిరంగు చిగురుటాకులను చూచి ఇంటిల్లిపాదియు సంతోషించితిమి. 1988లో అమ్మమ్మగారి ఇల్లు పంపకమునకు వచ్చి, పెరడు మూడు వాటాలైనది. గోడయు పోయినది, చెట్టును కొట్టిరి. నాకు అంతగా దుఃఖము కలుగలేదు. దాని బిడ్డ నాయొద్ద ఉన్నదిగదా యని ధైర్యము. 1993లో ఆ బిడ్డ మొదటిసారి కాచినది. కాయలు కోలగా, పెద్దవిగా ఉండెను. గడ్డిలో మాగవేసి, పదిదినములు ఓపికపట్టి, ఒకటి నోట పెట్టుకొంటిని. నిండ పీచు, పులుపు! మా ఇంటివారు ఒక్కమాటయు అనక, మిగిలినవానిని మఱుసటి యేటినుండి ఆవకాయకు కేటాయించిరి.

సిగ్గుపడవలసిన సంగతి యేమనగా, అప్పటికి నేను పదియేండ్లకు పైగా పాఠశాలలో జీవశాస్త్రము బోధించుచుంటిని. నల్లబల్లమీద బఠానీలు గీసి మెండెల్ సూత్రములు చెప్పినవాడను పెరటిలో వానిని మఱచితిని.

మామిడి పూగుత్తిలో పూవులు వందలనుండి వేలవరకు ఉండును. వానిలో మగపూవులు కొన్ని, రెండు లక్షణములు గలవి కొన్ని. ఈగలు, చిన్న కీటకములు పుప్పొడిని ఒక చెట్టునుండి మఱియొక చెట్టునకు మోయును. పండు తల్లిదే, రుచియు తల్లిదే. కాని టెంకలోని జీడియందున్న పిండము ఇరువురి బిడ్డ. మన రకములలో చాలవరకు టెంకకు ఒకే మొలక వచ్చును. ఆ మొలక ఎవరి పోలికతో పెరుగునో చెప్పలేము. ఫిలిప్పీన్సు మొదలగు ఆగ్నేయాసియా దేశముల మామిడులు, మన పడమటి తీరమున కొన్ని రకములు ఇందుకు భిన్నము. అచట ఒక టెంకనుండి పలు మొలకలు లేచును. వానిలో పెక్కు తల్లి కణజాలమునుండియే పుట్టినవగుటచే తల్లివలెనే కాచును. అట్టి చెట్టయియుండినచో నా టెంక నన్ను మోసగించియుండెడిది కాదు.

కనుక మన బంగినపల్లి, చిన్నరసము, సువర్ణరేఖ, పంచదార కలశ, ఇవన్నియు ఒకప్పుడు ఎవరి పెరటిలోనో, ఏ గట్టుమీదనో తమంతట మొలిచిన ఒక్కొక్క చెట్టు. ఎవరో తిని, మెచ్చి, దాని కొమ్మను మఱియొక వేరుపై నిలిపిరి. బనగానపల్లె పేరుతో 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పండు ఎన్ని తోటలలో కాచినను, ఆ చెట్లన్నియు ఒకే చెట్టు కొమ్మలే యని చెప్పవచ్చును. లక్నో చెంత దశేరి గ్రామమున ఆ రకమునకు తల్లియని చెప్పబడు వృద్ధవృక్షమును చూపుదురు. అచటికి సమీపమునగల మలీహాబాదులో కలీముల్లాఖాన్‌గారు ఒకే చెట్టుమీద మూడువందలకు పైగా రకములను అంటుగట్టిరి. 2008లో వారికి పద్మశ్రీ లభించినది. మా సున్నపుగోడ మామిడికి అట్టి చేయి దొరకలేదు. ఒక్క పుల్ల చాలియుండెడిది.

అంటుకట్టుట బ్రహ్మవిద్య యేమియు కాదు. కడియము నర్సరీలలో పనివారు మాటలాడుచునే కట్టివేయుదురు. ఏ పులుపు టెంకయైనను నాటి, మొలక పెన్సిలంత లావెక్కువరకు పెంచవలెను. కావలసిన చెట్టున ముదిరీ ముదరని కొమ్మ చివరను ఎన్నుకొని, ఆకులను కాడలు మాత్రము ఉంచి కత్తిరించవలెను. వారము పదిదినములకు మొగ్గ ఉబ్బును. అప్పుడు జానెడు పుల్లను కోసి, మొదలు రెండుప్రక్కల చెక్కి, తల నరికిన మొలకకు చీలిక పెట్టి అందులో దింపి, ప్లాస్టిక్ పట్టీతో బిగించవలెను. బెరడు బెరడుతో కలియుటయే ఇందలి కిటుకు. వానకాలపు చెమ్మగాలి దీనికి అనుకూలము. పిమ్మట అంటు క్రిందినుండి వచ్చు చిగుళ్లను గిల్లివేయుచుండవలెను. ఏమరితిమా, పులుపు మొక్కయే పైకి లేచి మంచిదానిని చంపును. నాటునపుడు అతుకు మట్టిలో పూడరాదు. మొదటి రెండుమూడేండ్ల పూతను తీసివేయుడని చెప్పుదురు. పిల్లలున్న ఇంట అది జరుగునని నేను నమ్మను.

పెరటి రసములు అంతరించుటకు తోటవారిని నిందించి లాభము లేదు. పలుచని తొక్కగల పండు లారీ ప్రయాణమునకు ఓర్వదు. కోసిన మూడునాళ్లకు మెత్తబడు దానిని ఏ వర్తకుడు కొనును? దూరపు అంగడికి గట్టి తొక్క కావలెను, ఒకే పరిమాణము కావలెను. అందుపై తొందర. కాల్షియం కార్బైడుతో మాగించుటను చట్టము నిషేధించినను, పైకి పసుపు, లోన పులుపుగల పండును మనమందరము ఎప్పుడో ఒకప్పుడు కొని తెచ్చుకొన్నవారమే. గడ్డిలో మాగిన పండు గది తలుపు తీయగనే తెలియును.

ఈ శ్రావణమాసమున మా పట్టణమునకు దాపున ఒక పల్లెకు పోయితిని. పదవీవిరమణ చేసినను బడిపిల్లల సహవాసము మానలేదు; నలుగురు వెంట వచ్చిరి. అచట ఒక ముసలమ్మగారి పెరటిలో చెట్టు, మొదలు ఇద్దరి కౌగిలికి అందదు. వేసవిలో ఆమె పెట్టిన పండు తినియుంటిని. అది సున్నపుగోడ మామిడి కాదు, కర్పూరము లేదు. దాని తీపి దానిదే. ఇల్లు కొట్టి డాబా వేయుదురని తెలిసి, ముందే పోయి ఆకులు కత్తిరించి వచ్చి, ఆరు పుల్లలు కోసి అంటుకట్టితిమి. మూడువారములు గడచినవి. నాలుగు నల్లబడి ఎండినవి. రెండింట మొగ్గ విచ్చి, గోరంత రాగిరంగు ఆకులు తొంగిచూచినవి.

కుండీకి చీటీ కట్టవలెనని పిల్లలు పట్టుబట్టిరి. పేరు అడుగుటకు మరల ఆమె యొద్దకే పోయితిమి.

“మామ్మగారూ, ఈ చెట్టును మీరు ఏమంటారు?”

“పేరేమిటి మాస్టారూ! తులసికోట పక్కది అంటాం. మా అత్తగారూ అంతే అనేవారు.”

పిల్లలు చీటీమీద ‘తులసికోట మామిడి’ అని వ్రాసి, తేదీ వేసిరి. ఇల్లు కొట్టుట దసరా తరువాతనట. అంతలో పోయి మఱి ఆరు పుల్లలు తెచ్చుకొనవలెను.