కారు మీద లక్షన్నర పెడితే ఏమొస్తది?

"అన్నా, పోలోకి స్టేజ్ వన్ కొట్టిస్తే ఎట్లుంటది?"

ఈ మధ్య నాకు ఎక్కువగా ఎదురవుతున్న ప్రశ్న ఇదే. కార్ల గురించి నాలుగు ముక్కలు తెలుసని పేరు పడితే చాలు. నల్గొండ క్లాక్ టవర్ దగ్గర చాయ్ తాగుతున్నా, మహబూబ్‌నగర్‌లో పెళ్లికి పోయినా, ఎవరో ఒక తమ్ముడు ఫోన్ తీసి రీల్ చూపిస్తాడు. సైలెన్సర్ నుంచి పటపటమని చప్పుడు, నేలకి ఆనుకున్నట్టు బాడీ, నల్లటి అలాయ్స్. "మనది కూడా ఇట్ల చేయిస్తే?" అని అడుగుతాడు.

మన దిక్కు ఫెరారీలు, పోర్షేలు కనిపించేది తక్కువ. స్పోర్ట్స్ కారు అని మనం ముద్దుగా పిలుచుకునేది సెకండ్ హ్యాండ్ పోలో జీటీనో, ఐ20 ఎన్ లైన్‌నో, పాత ఆక్టేవియానో. కానీ దాని మీద పెట్టే డబ్బు మాత్రం చిన్నది కాదు. అది బత్తాయి తోట మీద వచ్చిన ఆదాయమో, హైదరాబాద్‌లో రెండేళ్లు ఉద్యోగం చేసి దాచుకున్న జీతమో అయి ఉంటుంది. అందుకే "మస్తుంటది, చేయించు" అని ఊరికే అనలేను. లెక్క చూద్దాం.

పవర్ నిజంగానే పెరుగుతుందా?

పెరుగుతుంది. టర్బో ఉన్న కారైతే బాగానే పెరుగుతుంది. స్టేజ్ వన్ అంటే కొత్త సామాను ఏమీ బిగించరు. ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్, అంటే ఈసీయూలోని సాఫ్ట్‌వేర్ మాత్రమే మారుస్తారు. 2013లో మన దేశంలోకి వచ్చిన పోలో జీటీ టీఎస్ఐనే తీసుకోండి. 1.2 లీటర్ టర్బో ఇంజిన్, 105 పీఎస్ పవర్, 175 న్యూటన్ మీటర్ల టార్క్. రీమ్యాప్ చేస్తే పవర్ 130 దాటుతుందని, టార్క్ 220 పైకి పోతుందని ట్యూనర్లు చెబుతారు. టర్బో లేని మామూలు పెట్రోల్ కారుకి అదే పని చేయిస్తే కాలికి తెలిసేంత తేడా రాదు.

ఇక్కడ రీల్‌లో చెప్పని సంగతి ఒకటుంది. ఆ పోలోలో ఉన్న ఏడు గేర్ల డీఎస్‌జీ గేర్‌బాక్స్‌ని 250 న్యూటన్ మీటర్ల వరకు తట్టుకునేలా తయారు చేశారు. కంపెనీ 175 దగ్గర ఆపి, మధ్యలో గ్యాప్ ఉంచింది. ఆ గ్యాప్‌నే మీరు డబ్బిచ్చి తినేస్తున్నారు. పదేళ్లు తిరిగిన డ్రై క్లచ్ మీద ఆ భారం వేస్తే ఎన్నాళ్లు ఆగుతుందో ఏ ట్యూనరూ రాసివ్వడు. దాని మెకట్రానిక్ యూనిట్ పోతే రిపేర్ బిల్లు లక్ష దాటడం మామూలే. వారంటీ ఇంకా ఉన్న కొత్త కారైతే, ఈసీయూ మార్చిన మరుక్షణం ఇంజిన్, గేర్‌బాక్స్ వారంటీ మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఏడున్నర నిమిషాల లెక్క

పెరిగిన పవర్‌ని ఎక్కడ వాడతాం? నార్కట్‌పల్లి దగ్గర ఎన్‌హెచ్ 65 ఎక్కి ఎల్బీనగర్ దిక్కు పోతున్నారనుకోండి. సుమారు 75 కిలోమీటర్లు. ఎక్కడా ఆగకుండా గంటకి 100 మీద పోతే 45 నిమిషాలు. 120 మీద పోతే 37న్నర. మిగిలేది ఏడున్నర నిమిషాలు. పంతంగి టోల్ దగ్గర ఒక లారీ ఫాస్టాగ్ స్కాన్ కాక ఆగిందంటే సగం అక్కడే పోతుంది. మిగతా సగం ఎల్బీనగర్ సిగ్నల్ మింగుతుంది.

పైగా నాలుగు వరుసల రహదారి మీద కార్లకి కేంద్రం 2018లో పెట్టిన గరిష్ఠ వేగమే గంటకి 100 కిలోమీటర్లు. ఆ వేగం అందుకోవడానికి పోలో జీటీకి కంపెనీ ఇచ్చిన 105 పీఎస్ చాలా ఎక్కువ.

జడ్చర్ల నుంచి కల్వకుర్తి మీదుగా మిర్యాలగూడ పోయే ఎన్‌హెచ్ 167 మీద ఇంకో కథ. ఊరూరికీ స్పీడ్ బ్రేకర్లు, కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, చుట్టూ పెట్టిన రాళ్లు, రాత్రయితే వెనక లైటు లేని ట్రాక్టర్లు. ఇట్లాంటి రోడ్డు మీద స్ప్రింగులు మార్చి కారుని ఇంకో 30, 40 మిల్లీమీటర్లు కిందికి దించితే ప్రతి ఊరి మొదట్లో ఇంజిన్ అడుగు గీసుకుంటుంది. రీల్ తీసిన వాళ్ల రోడ్డు వేరు, మన రోడ్డు వేరు.

ఉరికించే ముందు ఆపాలె కదా

మా చిన్నాయన కొడుకు పోయినేడు ఒక 2015 మోడల్ పోలో జీటీ కొన్నాడు. చేతిలో ఇంకో లక్షన్నర ఉంది. రీమ్యాప్, సైలెన్సర్, స్ప్రింగులు అని లిస్టు రాసుకుని వచ్చాడు. నేను ముందు టైర్ పక్కకి వంగి నంబర్ చూడమన్నాను. ప్రతి టైర్ పక్క గోడ మీద నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. వాడి కారుకి 3218 అని ఉంది. అంటే 2018లో 32వ వారం తయారైన టైర్. పైకి గీతలు బాగానే కనిపిస్తున్నాయి గానీ రబ్బరు గట్టిపడి సన్నగా పగుళ్లు తేలింది.

"గీతలు మంచిగనే ఉన్నయి కదన్నా!"

"గీతలు చూడకురా, రబ్బరు చూడు. గోరు పెడితే దిగుతున్నదా?"

ఒక చిన్న లెక్క చెప్పాను. మంచి టైర్లు, మంచి బ్రేకులున్న కారు పొడి రోడ్డు మీద 100 వేగంలో బ్రేక్ కొడితే ఆగడానికి దాదాపు 48 మీటర్లు కావాలి. కన్ను చూసి, కాలు బ్రేక్ మీదికి పోయేలోపు ఒక సెకను గడుస్తుంది. అందులో మరో 28 మీటర్లు. మొత్తం 76. అదే 140 మీద ఉంటే బ్రేకింగ్‌కే దాదాపు 95 మీటర్లు, ఆ సెకనుకి 39. మొత్తం 134. వేగం పెరిగింది 40 శాతమే, బ్రేక్ పడ్డాక కారు జారే దూరం మాత్రం రెట్టింపయింది. రాత్రి లో బీమ్ వెలుతురు అంత దూరం పోదు. లైటు లేని ట్రాక్టర్ కనిపించేసరికే ఆలస్యమైపోతుంది. గట్టిపడ్డ టైర్ అయితే ఈ లెక్క ఇంకా పెరుగుతుంది.

వాడు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత లిస్టు తిరగరాశాం. నాలుగు కొత్త టైర్లు, మంచి బ్రేక్ ప్యాడ్లు, కొత్త బ్రేక్ ఫ్లూయిడ్, అలైన్‌మెంట్, గేర్‌బాక్స్ చెకప్. లక్షన్నరలో సగం కూడా కాలేదు. మూలమలుపుల్లో కారు ఇప్పుడు వేరే కారులా ఉందని వాడే ఫోన్ చేసి చెప్పాడు.

చట్టం ఏమంటుంది?

మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన మౌలిక స్వరూపాన్ని యజమాని తన ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట ఖరారు చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణ చట్టం ప్రకారం, అనుమతి లేని ప్రతి మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదంటే రెండూ. నాలుగు మార్పులు చేయిస్తే నాలుగుసార్లు లెక్క. చప్పుడు, పొగ హద్దు దాటితే అది వేరే కేసు. పట్టుకున్న సైలెన్సర్లని వరసగా పేర్చి రోడ్ రోలర్‌తో తొక్కించిన పోలీసుల వీడియోలు మీరూ చూసే ఉంటారు. బుల్ బార్లని కూడా కేంద్రం 2017 డిసెంబర్‌లోనే వద్దంది. అవి ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ల పనికి అడ్డొస్తాయి.

సీఎన్‌జీ కిట్ లాంటివి ఆమోదం ఉన్న చోట బిగించుకుని ఆర్సీలో ఎక్కించుకుంటే ఇబ్బంది లేదు. రంగు మార్చినా ఆర్సీలో రాయించుకోవాలి. ఏం మార్చినా ఇన్సూరెన్స్ కంపెనీకి ముందే చెప్పండి. చెప్పకుండా దాచిన మార్పు ప్రమాదం తర్వాత సర్వేయర్ కంట పడితే సొంత కారు క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఉంది. అప్పుడు పోయేది సైలెన్సర్ ఖర్చు కాదు, మొత్తం కారు.

మనవాళ్లు వంద, రెండు వందలు పెట్టి కొనే ఇంకో 'మోడిఫికేషన్' ఉంది. సీటు బెల్ట్ పెట్టుకోకున్నా అలారం మోగకుండా చేసే క్లిప్పు. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ వీటిని ఆన్‌లైన్ అంగళ్ల నుంచి తీయించింది. 2018 ఆగస్టు 29న మన నల్గొండ దగ్గర అన్నెపర్తి వద్ద జరిగిన ప్రమాదంలో నందమూరి హరికృష్ణ చనిపోయారు. ఆయన బెల్ట్ పెట్టుకోలేదని అప్పట్లో వార్తలన్నీ చెప్పాయి. ఆ క్లిప్పు మీ కారులో ఉంటే ఇవాళే తీసి పారేయండి.

ఇంతకీ పెట్టొచ్చా, వద్దా?

అమ్మేటప్పుడు వస్తుందనుకుని మాత్రం పెట్టకండి. కొనేవాడు రీమ్యాప్ అనగానే "వీడు బండిని బాగా ఉరికించిండు" అనుకుని ధర తగ్గిస్తాడు. అందుకే కంపెనీ సామాను పారేయకుండా అటక మీద దాచి, అమ్మే ముందు మళ్లీ బిగించేవాళ్లు చాలామంది.

ఇష్టం కోసం పెడతానంటే అది వేరే మాట. పెళ్లికి డీజే పెట్టించినట్టు, అభిమాన హీరోకి కటౌట్ కట్టినట్టు, ఇష్టానికి కొంత ఖర్చుంటుంది. తప్పేం కాదు. కానీ వరస తప్పొద్దు. ముందు టైర్లు, బ్రేకులు, సర్వీస్. తర్వాత లైట్లు సరిచేయించడం, సీటు, సౌండ్ సిస్టమ్ లాంటి రోజూ అనుభవించేవి. పవర్ ఆఖరున, అదీ గేర్‌బాక్స్ ఆరోగ్యం చూశాకే, అప్పు చేయకుండా. టైర్ సైజు పెంచితే మొత్తం ఎత్తులో తేడా 3 శాతం లోపు ఉండాలి. 185/60 ఆర్15 తీసి 195/60 ఆర్15 వేస్తే తేడా 2 శాతమే, పరవాలేదు. కాకపోతే మీటర్ 100 చూపిస్తున్నప్పుడు కారు 102 దాకా పోతుంటుంది.

నిజంగా కారు సత్తా చూడాలని ఉంటే చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ ఉంది. కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. మనకు ఒక రాత్రి ప్రయాణం. అక్కడ ఎదురుగా ట్రాక్టర్ రాదు, గొర్రెల మంద అడ్డం పడదు. హెల్మెట్ పెట్టుకుని, తెలిసినవాళ్ల దగ్గర నేర్చుకుంటూ ఒక రోజు నడిపి చూడండి. కారులో పవర్ తక్కువైందా, మన చేతిలో పనితనం తక్కువైందా అన్నది ఆ ఒక్క రోజులో తేలిపోతుంది. స్టేజ్ వన్‌కి డబ్బు కట్టాలో లేదో ఆ తర్వాత నిర్ణయించుకోండి.