నమ్మకమూ, నిదర్శనమూ: కూచిపూడి చెప్పే పాఠం

సాహిత్య విద్యార్థులు నన్ను తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. దేవుణ్ణి నమ్మని రచయిత భామాకలాపాన్ని మనసారా చూడగలడా? చూసి ఆనందిస్తే అతని హేతువాదం ఉత్తదేనా? ఈ ప్రశ్నలో రెండు వేరువేరు విషయాలు కలగలిసి ఉన్నాయి. వాటిని విడదీయడమే సరైన ఆలోచనకు మొదటి మెట్టని నా అభిప్రాయం.

సత్యభామ తెర మీదుగా జడ వేసి సవాలు చేసినప్పుడు, ఆమె చరిత్రలో ఉన్నదా లేదా అని ఎవరూ అడగరు. ఆ గర్వమూ, ఆ విరహమూ మనుషులవి. వాటిని గుర్తుపట్టడానికి భక్తి అక్కరలేదు. కాని, ఈ కళను ఫలానా మహనీయుడు దైవప్రేరణతో పుట్టించాడు కనుక దీనిని ఫలానావారే ఆడాలి అన్నప్పుడు అది అనుభూతి కాదు, ప్రతిపాదన. ప్రతిపాదన చేసినవారు నిదర్శనం చూపవలసిందే.

కూచిపూడిలో తరతరాలుగా చెప్పుకునే కథ మనకు తెలిసిందే. సిద్ధేంద్రుడు అత్తవారింటికి వెళుతూ నదిలో మునిగిపోబోయాడు. కృష్ణుణ్ణి ప్రార్థించి బయటపడి సన్యసించాడు. భామాకలాపం రచించి కూచిపూడి బ్రాహ్మణ బాలురకు నేర్పాడు. జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం వేస్తామని వారిచేత ప్రమాణం చేయించాడు. సిద్ధేంద్రుడి కాలం మీద మాత్రం పండితుల మధ్య శతాబ్దాల అంతరం ఉంది. గోలకొండ ప్రభువు తానీషా 1678 ప్రాంతంలో ఈ భాగవతులకు అగ్రహారం ఇచ్చాడన్నది మరొక ప్రసిద్ధి.

ఈ కథను కట్టుకథ అని కొట్టిపారేయడం మనకు తేలిక. అసలు పరీక్ష వేరే చోట ఉంది. మాచుపల్లి కైఫియతును మన విమర్శకులు ఎంతో ఇష్టంగా ఉదాహరిస్తారు. సిద్ధవటం సీమలో సంబెట గురవరాజు పన్నుల కోసం స్త్రీలను హింసిస్తుంటే, కూచిపూడివారు ఆ దారుణాన్ని విజయనగర ప్రభువు వీరనరసింహరాయల ఎదుట ఆడి చూపారనీ, రాజు సేనను పంపి గురవరాజును శిక్షించాడనీ దాని సారాంశం. పీడకుణ్ణి కళ పట్టి ఇచ్చిన కథ! అభ్యుదయ రచయితకు ఇంతకంటే ఏం కావాలి? అందుకే నేను ఇక్కడ ఆగమంటాను. దీనికి సాధారణంగా చెప్పే సంవత్సరం 1502. వీరనరసింహరాయలు సింహాసనం ఎక్కింది 1505లో. మెకంజీ సహాయకులు కైఫియతులను సేకరించింది సుమారు మూడు వందల ఏళ్ల తర్వాత, 19వ శతాబ్ది ఆరంభ దశాబ్దాలలో. అంతమాత్రాన ఆ కథ అబద్ధమని కాదు. సిద్ధేంద్రుడి కథను ఏ గీటురాయి మీద గీశామో, దీనినీ అదే రాయి మీద గీయాలి. మన కోరికకు అనుకూలమైన సాక్ష్యాన్నే ఎక్కువ కఠినంగా పరీక్షించడం హేతువాది లక్షణం. తనకు నచ్చని నమ్మకాన్ని మాత్రమే ప్రశ్నించేవాడు పక్షం మార్చిన భక్తుడు.

ఇక ఆ ప్రమాణం సంగతి. స్త్రీవేషం పురుషుడే కట్టాలన్న నియమం శతాబ్దాలు నడిచింది. దాని నుండి గొప్ప నటన కూడా పుట్టింది. సత్యభామగా వేదాంతం సత్యనారాయణ శర్మను చూసినవారెవరూ దానిని కాదనరు. అయితే, స్త్రీలు ఆడితే కళ చెడుతుందన్న భయానికి ఆధారం ఏమిటి? అదే ఊరివాడైన వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి స్త్రీలకు నేర్పాడు. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో అకాడమీ స్థాపించి ఎందరో యువతులను నర్తకీమణులుగా తీర్చిదిద్దాడు. కళ చెడలేదు, ప్రపంచమంతా పాకింది. నియమాన్ని వాదం కాదు, ఆచరణ పరీక్షించింది.

ఆచరణతో పరీక్షించడంలో కృష్ణా డెల్టాకు మరొక పెద్ద గురువు గోరా. 1940లో ముదునూరులో ఆయన ప్రారంభించిన నాస్తిక కేంద్రం 1947లో విజయవాడ పటమటకు చేరింది. గర్భిణి గ్రహణవేళ బయటికి వస్తే బిడ్డకు అరిష్టం తప్పదంటారు. సరస్వతీ గోరా గర్భవతిగా ఉండి ఆ నిషేధాన్ని ఉల్లంఘించింది. ఇందులోని తర్కం గమనించండి. ఒక్క ఉదాహరణ ఏ సూత్రాన్నీ రుజువు చేయలేదు. కాని, తప్పక జరుగుతుంది అన్న మాటను కూల్చడానికి ఒక్కటి చాలు. నిప్పుల మీద నడకనూ ఆ కేంద్రంవారు బహిరంగంగా నడిచి చూపారు. బొగ్గు వేడిని మెల్లగా అందిస్తుంది, పాదం త్వరగా లేస్తుంది. రహస్యం అంతే.

1976లో రాజ్యాంగ సవరణ శాస్త్రీయ దృక్పథాన్ని పౌరుని విధుల్లో చేర్చింది. అయినా 1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగుతున్నాడని దేశమంతా గుళ్ల ముందు బారులు తీరింది. ద్రవం తలతన్యత వల్ల చెంచాలోని పాలు రాతికి అంటుకుని జారాయని శాస్త్రజ్ఞులు చెప్పారు. వదంతిని ఊరూరా మోసినది ఆధునిక సాధనమైన టెలిఫోనే. యంత్రం చేతికి వచ్చినంత తొందరగా వివేకం రాదు. నేడు ఆ యంత్రం ప్రతి జేబులోనూ ఉంది. వదంతి వేషం మాత్రం మారింది. వరుసలో నిలబడ్డవారిని వెక్కిరించి ఊరుకున్న రచయిత ఏమీ సాధించలేదు. చేతిలోని చెంచాను వంచి చూడమని చెప్పగలిగినవాడు కొంత సాధించాడు.

కనుక విద్యార్థులకు నా జవాబు ఇది. భామాకలాపం చూడండి, సత్యభామతో కలిసి నవ్వండి, కన్నీరు వస్తే రానివ్వండి. రసానుభూతికి నిదర్శనం అడగనక్కరలేదు. ఎవరైనా ఆ అనుభూతిని ఆధారం చేసుకుని, ఫలానావారు తక్కువ, ఫలానావారు తాకరాదు, ఫలానావారు ఆడరాదు అన్ననాడు మాత్రం నిదర్శనం అడగండి. అంతకుముందు ఒకసారి మీ సొంత నమ్మకాన్నీ అడగండి: ఏది కనబడితే దీనిని వదులుకుంటాను? దానికి జవాబు లేకపోతే, అది దేవుడి మీదిదైనా, సిద్ధాంతం మీదిదైనా, ఇంకా పరీక్షకు నిలబడని నమ్మకమే.