నిద్రపోయినా మరిచిపోని యంత్రం

అడ్డతీగల మండలంలో ఒక రైతు ఆదాయ ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టాడనుకుందాం. గ్రామ రెవెన్యూ అధికారి (వీఆర్వో) విచారించాలి, రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ (ఆర్‌ఐ) చూడాలి, చివరికి తహసీల్దారు ఆమోదించాలి. వీఆర్వో కొండ మీది గూడేనికి వెళ్తే ఆ పూటకి తిరిగి రాకపోవచ్చు. ఈలోగా కరెంటు పోతుంది, సిగ్నల్ పోతుంది. దరఖాస్తు ఎక్కడ ఆగిందో గుర్తుంచుకునేదెవరు?

ఆ బాధ్యత మోయడానికి పుట్టినవే వర్క్‌ఫ్లో ఇంజన్లు. జావా లోకంలో వాటికి పెద్దన్న జేబీపీఎం. టామ్ బయెన్స్ అనే బెల్జియం ప్రోగ్రామర్ మొదలుపెట్టిన ఈ ఇంజన్ 2004లో జేబాస్ అనే కంపెనీ పంచన చేరింది. 2006లో రెడ్ హ్యాట్ జేబాస్‌నే కొనేసింది. బయెన్స్ బయటికొచ్చి 2010లో ఆక్టివిటీ అనే మరో ఇంజన్‌ని తెచ్చాడు. అందులోంచి 2013లో కముండా వేరు కాపురం పెట్టింది.

లెక్క కట్టడం, మెసేజ్ పంపడం ఇంజన్‌కి చిటికెలో పని. మనిషి వంతు వచ్చినప్పుడే చిక్కు. జవాబు గంటకొస్తుందో, నెలకొస్తుందో! అన్నాళ్లూ, దరఖాస్తు ఎక్కడిదాకా వచ్చిందో దాచే సెషన్‌ని మెమరీలోనే ఉంచితే సర్వర్ ఆగిన మరుక్షణం అంతా గల్లంతు. అందుకే ఇంజన్ తన స్థితిని డేటాబేస్‌లో రాసిపెట్టి పడుకుంటుంది. ఉద్యోగి లాగిన్ గడువు తీరినా పని చెక్కుచెదరదు.

మనిషి చేయాల్సిన పనికీ ఒక జీవితచక్రం ఉంది. మొదట ‘రెడీ’, అంటే అర్హులందరికీ కనిపిస్తుంది. ఒకరు ‘క్లెయిమ్’ నొక్కగానే ‘రిజర్వ్‌డ్’. మొదలుపెడితే ‘ఇన్ ప్రోగ్రెస్’, ముగిస్తే ‘కంప్లీటెడ్’. ఇద్దరు ఒకేసారి నొక్కితే? డేటాబేస్‌లో ప్రతి పనికీ ఒక వెర్షన్ అంకె ఉంటుంది. మొదటివారు నొక్కగానే అది మారిపోతుంది, పాత అంకెతో వచ్చిన రెండోవారిని ఇంజన్ వెనక్కి పంపుతుంది.

2011లో వచ్చిన జేబీపీఎం 5తో ప్రోగ్రామర్లు పడ్డ తిప్పలు ఇక్కడ చెప్పుకోవాలి. డేటాబేస్ నుంచి సెషన్‌ని లేపినప్పుడు, మనుషుల పనులు చూసే హ్యాండ్లర్‌ని మళ్లీ నమోదు చేయాలి. మరిచిపోతే పని ‘కంప్లీటెడ్’ అనే చూపిస్తుంది, ఫైలు మాత్రం అంగుళం కదలదు. ఆరో వెర్షన్‌లో ‘రన్‌టైమ్ మేనేజర్’ వచ్చి ఈ బరువు తన నెత్తికెత్తుకుంది. అన్నిటికీ ఒకే సెషనా, అభ్యర్థనకొకటా, ప్రాసెస్‌కొకటా అన్నది ముందే తేల్చుకుంటే చాలు.

ఏ సాఫ్ట్‌వేర్ అయినా నిద్రలోంచి లేచి మీ దరఖాస్తునే పట్టుకోవాలంటే దానికొక గుర్తు కావాలి. దరఖాస్తు పెట్టినప్పుడు ఇచ్చే రసీదు మీది నంబరు అదే. పారేయకండి.