బోరు నీటికి క్లోరిను ఎంత?

బోరు నీటిని ఊరి ట్యాంకులోకి ఎక్కించే చోట, కొన్ని ఊళ్ళలో 'టిక్, టిక్'మని కొట్టుకునే చిన్న పంపు ఒకటి ఉంటుంది. చూశారా? నీరు వెళ్ళే గొట్టంలోకి అది క్లోరిను ద్రావణాన్ని కొద్దికొద్దిగా నెడుతుంది. తక్కువ నెడితే కలరా, టైఫాయిడ్ క్రిములు బతికిపోతాయి. మరీ ఎక్కువైతే ఆ ఘాటుకు నీరు నోట పెట్టలేం. మరి ఎంత నెట్టాలి?

ముందు బోరు ఎంత నీరు పోస్తుందో కొలవాలి. మోటారు మీది అంకెను నమ్మకండి! 200 లీటర్ల డ్రమ్ము 2 నిమిషాల్లో నిండితే, గంటకు 6,000 లీటర్లన్నమాట. లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిను కలపాలనుకుందాం. అప్పుడు గంటకు 12 గ్రాములు కావాలి. 1 శాతం ద్రావణమైతే లీటరులో 10 గ్రాములుంటుంది కనుక, గంటకు 1.2 లీటర్లు చాలు.

గంటకు 3 లీటర్లు నెట్టగల పంపు తెచ్చి, నాబును 40 శాతం దగ్గర ఉంచితే సరిపోతుంది. పెద్దదైతే మంచిదని 50 లీటర్ల పంపు తెస్తే 2.4 శాతానికి తగ్గించాలి. అంత అడుగున అది నిలకడగా పోయదు.

వేసవిలో బోరు నీరు తగ్గి, అదే డ్రమ్ముకు 4 నిమిషాలు పట్టిందనుకోండి. ఆ సంగతి చిన్న పంపుకేం తెలుసు? పాత లెక్కనే నెడుతుంది, మోతాదు లీటరుకు 4 మిల్లీగ్రాములవుతుంది! డ్రమ్మునూ గడియారాన్నీ మళ్ళీ బయటికి తీయాల్సిందే.

నీటిలోని ఇనుము, కుళ్ళిన పదార్థాలు కూడా కొంత క్లోరినును మింగేస్తాయి. అందుకని చివరి కుళాయి నీటిని పరీక్షించి చూస్తారు. అక్కడ లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా మిగలకపోతే, నాబును కాస్త పైకి తిప్పాలి.