ఆరు పలకల గొట్టం

1857 తిరుగుబాటు పాఠం చదివిన వాళ్లెవరికైనా ఎన్‌ఫీల్డ్ తుపాకీ పేరు గుర్తుండే ఉంటుంది. ఆవు కొవ్వు, పంది కొవ్వు, పంటితో కొరకాల్సిన తూటా... అక్కడితో పాఠ్యపుస్తకం దాన్ని వదిలేస్తుంది. అసలు తూటాకి కొవ్వెందుకు పూయాల్సొచ్చిందో చెప్పదు. అదే ఏడాది ఇంగ్లండ్‌లోని హైత్ అనే ఊళ్లో, సైన్యం వాళ్ల తుపాకీ శిక్షణ మైదానంలో, ఆ ఎన్‌ఫీల్డు మరో తుపాకీ చేతిలో చిత్తుగా ఓడిపోయిందని కూడా చెప్పదు. ఓడించినవాడు సైనికుడు కాదు, తుపాకులు చేసే వంశంవాడూ కాదు. మాంచెస్టర్‌లో లేత్ మిషన్లు తయారు చేసుకునే జోసెఫ్ విట్‌వర్త్.

ముందు కొవ్వు సంగతి తేల్చుకుందాం. అప్పట్లో తుపాకీని మూతి నుంచే దట్టించేవారు. మందు పోసి, పైన సీసపు గుండు వేసి, కడ్డీతో లోపలికి తోసేవారు. తొందరగా దిగాలంటే గుండు వదులుగా ఉండాలి. వదులుగా ఉన్న గుండు గొట్టంలో అటూ ఇటూ కొట్టుకుంటూ బయటికొచ్చి, ఆఖరుసారి ఏ గోడకి తగిలిందో దాన్నిబట్టి ఎటో ఒకవైపు గిర్రున తిరుగుతూ పోయేది. ముప్పావు అంగుళం గొట్టమున్న బ్రౌన్ బెస్ తుపాకీతో వంద గజాలు దాటాక మనిషిని కొట్టడం సిపాయి నేర్పు కంటే అవతలివాడి గ్రహచారం మీదే ఎక్కువ ఆధారపడి ఉండేది.

గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులు కోస్తే గుండు ఒకే పద్ధతిలో తిరుగుతూ పోతుందని వేటగాళ్లకి ఎప్పుడో తెలుసు. ఎందుకలా అని లెక్కగట్టి చూసినవాడు బెంజమిన్ రాబిన్స్. 1742లో అచ్చయిన పుస్తకంలో, గాలి గుండుని ఎంత గట్టిగా అడ్డుకుంటుందో లోలకం సాయంతో కొలిచి చూపించాడు. అందరూ అనుకున్నదానికంటే చాలా ఎక్కువ. ఆ తరవాత కొన్నేళ్లకి, గాడుల తుపాకీని ఏ దేశం ముందుగా పట్టుకుంటే యుద్ధంలో దానిదే పైచేయి అని కూడా చెప్పాడు. ఈయన కథ మన దక్షిణాదిలోనే ముగిసింది. కోటలు బాగుచేయడానికి ఈస్టిండియా కంపెనీ ఇంజినీరుగా వచ్చి, 1751లో కడలూరు దగ్గర సెయింట్ డేవిడ్ కోటలో జ్వరంతో పోయాడు.

గాడుల్లో తిరగాలంటే గుండు బిగుతుగా ఉండాలి. బిగుతుగా ఉంటే మూతి నుంచి దిగదు. ఈ చిక్కుముడికి కూడా దక్షిణ భారతంలోనే ఒక కొస దొరికిందంటారు. ఇక్కడి అడవి మనుషులు ఊదుగొట్టంతో విసిరే బాణాల అడుగున తామరతూడు బెండు ఉండేదట. ఊదగానే అది ఉబ్బి గొట్టానికి అతుక్కుపోయి, గాలిని పక్కనించి పోనిచ్చేది కాదట. అది చూసి నార్టన్ అనే బ్రిటిష్ కెప్టెన్ అడుగున గుంట ఉన్న తూటా చేశాడు. లండన్‌లో పట్టించుకోలేదు. అదే ఊహని ఫ్రాన్స్‌లో మినియే 1849 నాటికి పనికొచ్చే రూపానికి తెచ్చాడు. తూటా వదులుగా దిగుతుంది. మందు పేలగానే అడుగు ఉబ్బి గాడుల్లో కూరుకుంటుంది. ఎన్‌ఫీల్డు తూటా ఈ కోవలోదే. అది సులువుగా జారడానికీ, గొట్టంలో మసి గట్టిపడకుండా ఉండటానికీ కాగితపు చుట్టకి కొవ్వు పట్టించారు. ఆ కొవ్వు ఎంత పని చేసిందో పాఠ్యపుస్తకంలో ఉంది.

1854లో బ్రిటిష్ ప్రభుత్వం విట్‌వర్త్‌ని పిలిచి ఎన్‌ఫీల్డు గొట్టాలు చవగ్గా, ఎక్కువగా తయారయ్యే మిషన్లు కట్టమంది. ఆయన చిత్రమైన పేచీ పెట్టాడు: గొట్టం ఎలా ఉంటే మంచిదో మీకే తెలీదు, తెలీనిదాన్ని వేలకొద్దీ ఎందుకు చేయించుకుంటారు? అంగుళంలో పది లక్షల వంతు తేడాని పట్టుకునే కొలత యంత్రం కట్టినవాడు, దేశమంతా నట్టుకీ బోల్టుకీ మర ఒకే కొలతలో ఉండాలని పట్టుబట్టి సాధించినవాడు, ఉజ్జాయింపు లెక్కలు ఒప్పుకోడు కదా.

ప్రభుత్వం ఖర్చు పెట్టుకుని మాంచెస్టర్ శివార్లలో రషోమ్‌లోని ఆయనింటి దొడ్లో 500 గజాల పొడవున కప్పు వేసిన షెడ్డు కట్టించింది. గాలి తగలకూడదని కట్టిన ఆ షెడ్డు ఒక గాలివానకే కూలిపోయింది. మళ్లీ కట్టారు. దాని పొడవునా వరసగా పల్చటి కాగితపు తెరలు నిలబెట్టారు. తూటా ఒక్కో తెరనీ చిల్లు పొడుచుకుంటూ పోతుంది. చిల్లుల ఎత్తు కొలిస్తే తూటా నడిచిన దారి తేలుతుంది. చిల్లు గుండ్రంగా ఉంటే తూటా ముక్కు ముందుకే ఉన్నట్టు. కోలగా సాగిందంటే దార్లో పల్టీ కొట్టినట్టు. నాకు ఈ కథలో తుపాకీ కంటే ఈ షెడ్డే గొప్పగా అనిపిస్తుంది. అంతకుముందు తుపాకులవాళ్లు టార్గెట్ మీద చిల్లు ఎక్కడ పడిందో చూసి సరిపెట్టుకునేవారు. విట్‌వర్త్ తూటా ప్రయాణాన్నే అడుగడుగునా కాగితం మీదికెక్కించాడు.

ఆయన రకరకాల మెలికలు పరీక్షించాడు. తూటాని అంగుళానికో చుట్టు తిప్పే గొట్టం దాకా వెళ్లాడు. చివరికి తేలిందిది. ఎన్‌ఫీల్డు గొట్టం లావు .577 అంగుళం. తూటా ఒక చుట్టు తిరగడానికి 78 అంగుళాలు పడుతుంది. విట్‌వర్త్ గొట్టం .451 అంగుళం, 20 అంగుళాలకే ఒక చుట్టు. లోపల గాడులకి బదులు గొట్టాన్నే ఆరు పలకలుగా మెలితిప్పి కోశాడు. తూటా కూడా ఆరు పలకలదే. నట్టులో బోల్టు దిగినట్టు దిగుతుంది. మరల మనిషికి వేరే ఊహ ఎలా వస్తుంది!

తూటా బరువు మాత్రం రెండింటికీ దాదాపు ఒకటే: 530 గ్రెయిన్లు, అంటే మూడు తులాలకి పిసరు తక్కువ. కిటుకంతా ఇక్కడే ఉంది. బరువు మార్చకుండా లావు తగ్గిస్తే తూటా పొడవవుతుంది. .577 తూటా గాలికి ఎదురొడ్డే మొహం .451 తూటా మొహం కంటే 1.6 రెట్లు పెద్దది. గాలి రెండింటినీ ఆపాలనే చూస్తుంది, సన్నదాని మీద దాని ఆటలు తక్కువ సాగుతాయి. అయితే పొడుగు తూటాకి ఒక జబ్బుంది, ఊరికే తలకిందులవుతుంది. బొంగరం నిలబడాలంటే వేగంగా తిరగాలి. ఎంత పొడుగైతే అంత వేగంగా. సెకనుకి 1,300 అడుగుల వేగంతో బయటికొచ్చే విట్‌వర్త్ తూటా సెకనుకి 780 చుట్లు తిరుగుతుంది. ఎన్‌ఫీల్డు తూటాకి 200 కూడా ఉండవు. తూటా పొడవుని బట్టి ఎంత మెలిక కావాలో చెప్పే సూత్రాన్ని గ్రీన్‌హిల్ అనే గణిత ఆచార్యుడు 1879లో రాశాడు. దాన్ని ఇప్పటికీ వాడుతున్నారు.

హైత్ పోటీలో 500 గజాల దగ్గర ఎన్‌ఫీల్డు తూటాలు నడిబొడ్డు నుంచి సగటున 27 అంగుళాలు పక్కకి పోయాయి. విట్‌వర్త్‌వి నాలుగున్నర అంగుళాలు. 1,400 గజాలకి వచ్చేసరికి ఎన్‌ఫీల్డు టార్గెట్‌ని ఒక్కసారీ తాకలేకపోయింది. విట్‌వర్త్ తాకింది.

మరి సైన్యం దాన్ని ఎంచుకుందా? లేదు. లావు మరీ తక్కువన్నారు, మసి పట్టేస్తుందన్నారు. ధర ఎన్‌ఫీల్డుకి కొన్ని రెట్లు. మసి మాట నిజమే, సన్నటి గొట్టంలో నల్లటి మందు కాలితే నాలుగు దెబ్బలకే దట్టించడం కష్టమయ్యేది. 1860 జులై 2న వింబుల్డన్ మైదానంలో నేషనల్ రైఫిల్ అసోసియేషన్ మొదటి పోటీలు పెట్టుకుంది. స్టాండు మీద బిగించిన విట్‌వర్త్ తుపాకీకి పట్టుతాడు కట్టి, విక్టోరియా రాణి చేత లాగించారు. 400 గజాల దూరంలో తూటా నడిమధ్యకి అంగుళంపావు పక్కన పడింది. ఇంత జరిగినా ఆ ఆరు పలకల గొట్టం సైన్యమంతా వాడే తుపాకీ కాలేదు. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది రాష్ట్రాలు కొన్ని తెప్పించుకుని ఏరికోరిన గురికాళ్ల చేతికిచ్చాయి. పలకల తూటా గాలిలో వింతగా ఈల వేస్తూ వచ్చేదట. 1864 మేలో స్పాట్సిల్వేనియా దగ్గర ఉత్తరాది జనరల్ సెడ్జ్‌విక్ దూరం నుంచి వచ్చిన తూటాకి పడిపోయినప్పుడు, అది విట్‌వర్త్‌దేనని చెప్పుకున్నారు.

పలకలు పోయాయి గానీ అంకె మిగిలింది. 1871లో బ్రిటిష్ సైన్యం మార్టీనీ-హెన్రీని ఎంచుకున్నప్పుడు దాని గొట్టం లావు .45 అంగుళమే. పన్నెండేళ్ల కిందట మరీ సన్నమని తోసేసిన కొలత అది! ఆ తరవాత ఇంకా సన్నబడింది. 1888లో లీ-మెట్‌ఫర్డ్ .303కి దిగింది. పొగరాని కార్డైట్ మందు వచ్చాక ఆ వేడికి మెట్‌ఫర్డ్ లోతులేని గాడులు అరిగిపోతుంటే, 1895లో గాడుల తీరు మార్చి లీ-ఎన్‌ఫీల్డ్ చేశారు. మన పోలీసు ఠాణాల్లో దశాబ్దాలపాటు కనిపించిన త్రీ నాట్ త్రీ దాని సంతానమే.

ఈలోగా దూరం కొట్టడం జనానికి ఆటయింది. 1874 సెప్టెంబరులో న్యూయార్క్ దగ్గర క్రీడ్‌మూర్ మైదానంలో ఐర్లండ్, అమెరికా జట్లు 800, 900, 1,000 గజాల దూరాల మీద తలపడ్డాయి. ఐర్లండ్‌వాళ్లవి మూతి నుంచి దట్టించే రిగ్బీ రైఫిళ్లు. అమెరికావాళ్లవి వెనకనుంచి తూటా పెట్టే రెమింగ్టన్, షార్ప్స్ రైఫిళ్లు. నడిమధ్య కొడితే నాలుగు పాయింట్లు. ఐర్లండ్ షూటరొకడు చక్కగా నడిమధ్య కొట్టాడు, కాకపోతే పక్క టార్గెట్‌లో. సున్నా వేశారు. ఆఖరికి ఐర్లండ్ 931, అమెరికా 930, మిగిలింది కర్నల్ బోడీన్ ఒక్క దెబ్బ. అంతకు కాసేపటి ముందే జింజర్ బీర్ సీసా పగిలి ఆయన చెయ్యి తెగింది. రుమాలు చుట్టుకుని పడుకుని కొట్టాడు. నాలుగు. 934-931. ఆ పక్క టార్గెట్ చిల్లు లెక్కకొచ్చి ఉంటే ఫలితం తిరగబడేది. వెయ్యి గజాల దూరంలో తూటాల బాగోగులు ఎంత చర్చించినా, ఎవరి టార్గెట్ ఎవరిదో చూసుకోవడం ముందుంది మరి.

ఆ మైదానం పేరు మీదే 2007లో హార్నడీ కంపెనీ 6.5 క్రీడ్‌మూర్ అనే తూటాని తెచ్చింది. సైన్యాలు వాడే .308 తూటాని వదిలి దూరం పోటీలవాళ్లు చాలామంది దీనికి మారారు. కారణం విట్‌వర్త్ చెప్పిందే. సన్నగా, పొడుగ్గా ఉన్న తూటా, దానికి తగ్గ మెలిక. వెయ్యి గజాలు పోవడానికి దీనికి సెకనున్నర పడుతుంది. ఆలోపు భూమి దాన్ని తొమ్మిది మీటర్ల మేర కిందికి లాగేస్తుంది. అయినా దూరం తెలిస్తే అది లెక్కకి దొరికే సంగతే, దుర్భిణి మర తిప్పి సర్దుకోవచ్చు. లెక్కకి లొంగనిది గాలి. గంటకి 16 కిలోమీటర్ల అడ్డగాలి క్రీడ్‌మూర్ తూటాని ఆ దూరంలో సుమారు మీటరున్నర పక్కకి నెడుతుంది. .308ని రెండు మీటర్లు దాటించేస్తుంది. గాలి లెక్క కొంచెం తప్పినా పాయింట్లు దక్కించేది ఈ తేడానే.

లావు ఎంచుకోవడంలో మనిషి భుజం మాట కూడా ఉంది. తుపాకీ ఎంత తన్నితే మనసు అంత ముందుగా ఉలిక్కిపడుతుంది, ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకుంటాయి. తన్ను తక్కువైతే ఎక్కువ దెబ్బలు సాధన చేయొచ్చు, ఖర్చూ తగ్గుతుంది. చాలామంది .22తో గానీ, అంతకంటే సన్నటి 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్‌తో గానీ మొదలెట్టేది అందుకే. హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఎయిర్ రైఫిల్‌తోనే. అందులో పది మీటర్ల దూరంలో పది పాయింట్ల చుక్క అడ్డుకొలత అర మిల్లీమీటరు. తూటా దానికంటే తొమ్మిదింతలు లావు. ఆ స్థాయి షూటర్లు గంటల తరబడి చేసే సాధనలో తుపాకీలో తూటాయే ఉండదు. ఊపిరి సగం వదిలి ఆపడం, వేలు మెల్లిగా వెనక్కి తీయడం, ట్రిగ్గర్ పడ్డాక కూడా గురి మీంచి చూపు కదపకపోవడం. ఖాళీ గొట్టం టక్కుమన్నప్పుడు గురి చుక్క ఏమాత్రం వణికినా కోచ్‌కి తెలిసిపోతుంది, మళ్లీ మొదటినుంచీ చేయిస్తాడు.