కోతకాలాన్ని ఇంటికి తెచ్చుకుందాం

తెలుగునాట పల్లె సంఘాల్లో కోతకాల పండుగ చూసినవాళ్లకు బలిపీఠం ముందు పేర్చిన ఆ రాశి గుర్తుండే ఉంటుంది. వడ్ల బస్తా, గుమ్మడికాయలు, అరటి గెల, కాళ్లు కట్టిన కోడిపుంజు, తువ్వాలులో మూటగట్టిన గుడ్లు. ఆరాధన అయ్యాక వేలం. సంఘపెద్ద సొరకాయ పైకెత్తి పాట మొదలుపెట్టేవారు. పాడుకున్నాయన డబ్బు చెల్లించి కాయను మళ్లీ దేవునికే ఇచ్చేసేవాడు. అదే కాయ రెండోసారి, మూడోసారి వేలానికి వచ్చేది. కృతజ్ఞతార్పణ అంటే ఏమిటో ముందు వరసలో కూర్చున్న పిల్లలకు వేరే చెప్పక్కర్లేకపోయేది.

అమెరికాలో పెరుగుతున్న మన పిల్లలకు అలా కళ్లారా చూసే భాగ్యం లేదు. జీతం బ్యాంకులో పడుతుంది, కానుక ఫోన్లో వెళ్లిపోతుంది. దేవుడు ఇచ్చిందీ వాళ్ల కంటపడదు, మనం అర్పించిందీ కంటపడదు. అందుకే సెప్టెంబరు నుంచి ఆగమన కాలం దాకా సాగే ఈ ఆకురాలు కాలంలో, ఇంటిల్లిపాదీ చేతులతో చేసే భక్తి కొంత ఉండాలని నా విన్నపం.

పిడికెడు బియ్యంతో మొదలుపెట్టవచ్చు. పొయ్యి మీద ఎసరు పెట్టి, కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు దేవుని పేర తీసిపెట్టడం మన అమ్మమ్మల అలవాటు. 1912లో దోర్నకల్ తొలి బిషప్ అయిన అజరయ్యగారు నిరుపేద సంఘాలకు సైతం ఇవ్వడం నేర్పారు, క్రైస్తవులు ఇవ్వవలసిన తీరుపై ఏకంగా పుస్తకమే రాశారు. రైస్ కుక్కర్ పక్కన ఒక స్టీలు డబ్బా పెట్టండి. వండిన ప్రతిసారీ పిడికెడు వేసే పని ఇంట్లో చిన్నవాళ్లది. థ్యాంక్స్‌గివింగ్ వారంలో దాన్ని వాళ్లచేతే తూయించి, అంత బరువుకు తగ్గ కొత్త సంచి కొని ఫుడ్ ప్యాంట్రీకి ఇవ్వండి. విప్పిన బియ్యం చాలాచోట్ల తీసుకోరు. డబ్బాలోది మన వంటకు వాడుకోవచ్చు.

యాపిల్ తోటలకు ఎలాగూ వెళ్తాం, ఫొటోలు దిగుతాం. ఈసారి దారిలో రూతు గ్రంథం రెండో అధ్యాయం చదవండి. పొలం అంచులు పూర్తిగా కోయకుండా పేదలకు, పరదేశులకు వదలమని లేవీయకాండం 19లో ఆజ్ఞ ఉంది. అందుకే మోయాబు నుంచి వచ్చిన ఆ విధవరాలికి బోయజు చేలో పరిగె దొరికింది. ఈ దేశంలో పరిగె ఏరేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వర్జీనియాలో మొదలైన సొసైటీ ఆఫ్ సెయింట్ ఆండ్రూ కోతలయ్యాక పొలాల్లో మిగిలిపోయిన దుంపలు, కూరగాయలు స్వచ్ఛందంగా వచ్చినవాళ్లతో ఏరించి, ఆకలిగా ఉన్నవారికి చేరుస్తుంది. ఒక శనివారం మట్టిలో కూర్చుని చిలగడదుంపలు ఏరిన పిల్ల రూతును ఎన్నటికీ మరిచిపోదు.

థ్యాంక్స్‌గివింగ్ నాడు టర్కీ వండినా బిర్యానీ వండినా, ఇంటికి వెళ్లలేని ఒక విద్యార్థిని భోజనానికి పిలవండి. ఏ మతమైనా సరే. ప్రథమఫలాల గంప తెచ్చినవాడు పరదేశితో కలిసి సంతోషించాలనే ద్వితీయోపదేశకాండం 26 చెబుతోంది.

ఇక అక్టోబరు 31. హాలోవీన్ వద్దు అని పిల్లలతో అన్నంత మాత్రాన సరిపోదు, ఆ సాయంత్రం వాళ్లకు మనం ఏదో ఒకటి ఇవ్వాలి. 1517లో విట్టెన్‌బర్గ్‌లో లూథర్ తన 95 వాదాంశాలను వెల్లడించిన రోజు అది. వారం తిరిగితే నవంబరు 7, ఫాదర్ హయ్యర్ 1873లో కన్నుమూసిన రోజు. పెన్సిల్వేనియా లూథరన్లు పంపగా 1842లో గుంటూరు చేరి, డెబ్బై ఏళ్లు దాటాక మళ్లీ రాజమండ్రి వచ్చి సేవ చేసిన మహానుభావుడు. మనం ఇప్పుడు ఉంటున్న దేశం నుంచి మన ఊరికి వెళ్లినవాడు. ఈ కథ పిల్లలకు చెప్పండి. ఆ మాట మీదే, మన ఇంట్లో మొదట బాప్తిస్మం తీసుకున్నది ఎవరో, తాతమ్మ ఏ మిషన్ బడిలో చదువుకుందో, పొద్దున్నే వీడియో కాల్ చేసి నాన్నమ్మను అడగనివ్వండి. ఆమె చెబుతుంటే రికార్డు చేసుకోండి. పెద్దవాళ్లతోపాటే ఈ సాక్ష్యాలూ వెళ్లిపోతున్నాయి. నాకు అన్నిటికన్నా బెంగ ఇదే.

పైన చెప్పినవన్నీ చేయడానికి తీరిక లేకపోతే, ఈ ఏడాది ఆ ఒక్క ఫోన్ అయినా చేయండి.